మోయలేక పుట్టిన నోటు

టీ తాగి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి వెళ్లిపోయే తరం మనది. డబ్బుకి బరువుంటుందన్న సంగతే మర్చిపోయాం. కానీ వెయ్యేళ్ల కిందట చైనాలోని సిచువాన్ వ్యాపారులకు అదే పెద్ద తలనొప్పి. ప్రపంచంలో ప్రభుత్వం ముద్రించిన తొలి కాగితం డబ్బు పుట్టింది అక్కడే.

అది సాంగ్ రాజవంశం కాలం (960–1279). అంతకుముందు టాంగ్ రాజుల హయాంలో బజార్ల చుట్టూ గోడలు, రాత్రయితే కర్ఫ్యూ. సాంగ్ రాజధాని కైఫెంగ్‌లో ఆ కట్టుబాట్లు సడలిపోయాయి. రాత్రి బజార్లు, వీధివీధినా భోజనశాలలు వెలిశాయి. దక్షిణాది బియ్యం కాలువల మీద పడవల్లో వచ్చేది. 1080 ప్రాంతంలో ఏటా 50 లక్షల దండలకు పైగా రాగి నాణేలు పోతపోశారు. దండ అంటే మధ్యలో చదరపు రంధ్రం ఉన్న నాణేలను తాడుకి గుచ్చిన కట్ట. లెక్క ప్రకారం కట్టకి వెయ్యి.

ఆ నాణేలు మన దాకా కూడా వచ్చాయి. 1077లో చైనాకి వెళ్లిన చోళ రాయబారులకు, వాళ్లు తీసుకెళ్లిన కానుకలకు బదులుగా 81,800 దండలు ఇచ్చారని చైనా రికార్డులు చెబుతున్నాయి. అప్పటి చోళ రాజు కులోత్తుంగుడు ఎవరో తెలుసా? నన్నయతో మహాభారతం రాయించిన మన రాజమహేంద్రి రాజరాజ నరేంద్రుడి కొడుకే!

సిచువాన్‌లో మాత్రం ఇనప నాణేలే చెల్లేవి. విలువ తక్కువ, మోత ఎక్కువ. చిన్న నాణేల దండ ఒక్కటే నాలుగు కిలోలు. పట్టు తాను కొనాలంటే మూటలు మోయాల్సిందే. అందుకే చెంగ్డూ వ్యాపారులు నాణేలు దాచుకుని రసీదులు ఇవ్వడం మొదలుపెట్టారు. వాటి పేరు జియావోజి. జనం నాణేల కోసం వెళ్లకుండా ఆ రసీదులనే చేతులు మార్చుకున్నారు. తర్వాత 16 వ్యాపార కుటుంబాలకే ఆ హక్కు దక్కింది. వాళ్లలో కొందరు అడిగినవాళ్లకి నాణేలు ఇవ్వలేక చేతులెత్తేశారు. దాంతో 1023లో ప్రభుత్వమే పగ్గాలు తీసుకుంది.

సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా నన్ను ఆకట్టుకున్నది ఆ సిస్టమ్ డిజైన్. నోట్లకి పరిమితి 12,56,340 దండలు. వాటికి పూచీగా ఖజానాలో 3,60,000 దండల ఇనప నాణేలు. అంటే దాదాపు 29 శాతం. అందరూ ఒకేరోజు వచ్చి అడగరన్న లెక్క అది. నోటుకి ఎక్స్‌పైరీ కూడా ఉంది. రెండేళ్లకోసారి పాతది ఇచ్చి కొత్తది తీసుకోవాలి, దండకి 30 నాణేల రుసుము. చిరిగినవి, దొంగనోట్లు అక్కడే ఆగిపోయేవి.

మరి ఎక్కడ దెబ్బతింది? కోడ్‌లో కాదు, అడ్మిన్ దగ్గర. పశ్చిమ షియాతో యుద్ధాలు. సైన్యానికి డబ్బు కావాలి. నాణేలు తవ్వి, కరిగించి, పోతపోయాలి. నోటుకైతే సిరా చాలు. పరిమితి పెంచుకుంటూ పోయారు. 1107 నాటికి పేరు చియాన్‌యిన్‌గా మారింది గానీ, పూచీ లేకుండా అచ్చేసే అలవాటు మారలేదు. నోటు విలువ పాతాళానికి పడిపోయింది. నోట్లు దాచుకున్న మామూలు జనమే నష్టపోయారు.

మన ఫోన్‌లో కనిపించే బ్యాలెన్స్ కూడా ఒక మాటే. అడిగినప్పుడు ఇస్తామన్న మాట. టెక్నాలజీ ఆ మాటని సెకన్లలో చేరవేయగలదు. నిలబెట్టాల్సింది మాత్రం మనుషులే. చెంగ్డూ జనానికి ఆ సంగతి తొమ్మిది వందల ఏళ్ల కిందటే తెలిసొచ్చింది.