చచ్చిందనుకున్న రౌటరు

నూజివీడు చుట్టుపక్కల మామిడి అంటు కట్టడం చూడని విద్యార్థి ఉండడు. టెంకనుంచి మొలిచిన మొక్కకు వేరు ఉన్నది, బలం ఉన్నది. కాని అది ఎటువంటి కాయ కాస్తుందో ముందుగా చెప్పలేము. అందుచేత దానిమీద చిన్నరసం కొమ్మనో, బంగినపల్లి కొమ్మనో తెచ్చి అంటు కడతారు. ఆ కొమ్మ పట్టక ఎండిపోయిందనుకోండి. అనుభవం లేనివాడు మొక్క చచ్చిందని పీకి పారవేస్తాడు. తోటమాలి అట్లా చేయడు. అంటు కట్టిన చోటుకు దిగువన గోటితో బెరడు గీచి చూస్తాడు. లోపల పచ్చగా ఉంటే వేరు బతికే ఉన్నదన్నమాట. మరల అంటు కట్టవచ్చు.

ఇళ్ళలోను, పాఠశాలల్లోను వైఫై అందించే రౌటరు విషయంలో కూడ సరిగా ఇటువంటి పరీక్షే ఒకటి ఉన్నది. అది తెలియక ఎన్నో మంచి పెట్టెలు చెత్తలో చేరుతున్నవి.

రౌటరు నిజానికి ఒక చిన్న కంప్యూటరు. దానికి తెర, మీటల పలక ఉండవు కాని, ప్రాసెసరు, జ్ఞాపకశక్తి అన్నీ ఉన్నవి. అది ఏమి చేయవలెనో చెప్పే ఆదేశాల సముదాయాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ అనే చిప్పులో ఇది ఉంటుంది. తయారు చేసిన సంస్థ కొన్నేళ్ళపాటు దానిలోని లోపాలను సరిదిద్దుతూ కొత్త ప్రతులు ఇస్తుంది, తరువాత మానివేస్తుంది. పెట్టె బాగానే ఉంటుంది, లోపలి ఆదేశాలు మాత్రం పాతబడి, దొంగలకు దారి ఇచ్చే కంతలు అట్లాగే మిగిలిపోతవి. అప్పుడు ఇతరులు రాసిన ఫర్మ్‌వేర్‌ను దానిలో వేసుకోవచ్చు.

దీనికి దారి తీసినది లింక్సిస్ సంస్థవారి డబ్ల్యూఆర్‌టీ54జి అనే నమూనా. 2002 చివర బజారుకు వచ్చిన ఆ పెట్టెలో లినక్స్ ఉన్నదని కొందరు కనిపెట్టారు. లినక్స్‌ను తమ పెట్టెలలో చేర్చి ఇతరులకు ఇచ్చేవారు దాని మూల ఆదేశాలను కూడ ఇవ్వవలెనన్నది దాని లైసెన్సు షరతు. దాని ప్రకారం 2003లో అవి బయటికి వచ్చినవి. వాటి ఆధారంతో 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ మొదలైంది. ఇప్పుడది వందల రకాల పెట్టెలకు లభిస్తున్నది.

ఇక ప్రమాదం ఎక్కడ వస్తుందో చూద్దాం. మామిడి కాయలు పక్వానికి వచ్చే వేసవి సాయంకాలాలలో ఈదురుగాలి లేచి కాయలను రాల్చుతుంది. దానితోపాటు కరెంటూ పోతుంది. ఆగిరిపల్లి దగ్గర ఒక ఉపాధ్యాయుడు సరిగా అప్పుడే తన రౌటరులో కొత్త ఫర్మ్‌వేర్ వేస్తున్నాడనుకుందాం. ఫ్లాష్‌లో రాయడం పలక మీద రాయడం వంటిది కాదు. ముందు ఒక గడిని మొత్తంగా తుడవవలె. సాధారణంగా ఒక్కొక్క గడి 64 కిలోబైట్లు. తుడిచినప్పుడు అన్ని బిట్లూ 1 అవుతవి. రాసినప్పుడు కావలసినవి 0 అవుతవి. సగంలో కరెంటు పోతే కొన్ని గడులలో కొత్త ఆదేశాలు, కొన్నిటిలో పాతవి, ఒకదానిలో అసలేమీ లేకుండ మిగులుతవి. కరెంటు వచ్చిన తరువాత దీపం వెలుగుతుంది కాని వైఫై రాదు. ఇంగ్లీషువారు దీన్ని ‘ఇటుక అయిపోయింది’ అంటారు. ఇంటిల్లిపాదికీ ఉన్నది ఆ ఒక్క పెట్టె. ఆ మాట వింటే గుండె గుభేలుమనడం సహజమే.

కాని ఫ్లాష్‌లో మొట్టమొదటి గడులలో బూట్‌లోడరు అనే చిన్న ప్రారంభక క్రమం ఉంటుంది. కరెంటు ఇవ్వగానే మేలుకొనేది అదే. ఫర్మ్‌వేర్‌ను పిలిచి పని అప్పగించేదీ అదే. మామూలుగా ఫర్మ్‌వేర్ మార్చేటప్పుడు ఆ గడులను ముట్టుకోరు. పైకొమ్మ ఎండినా వేరు మిగిలి ఉన్నది.

అయితే వేరుదాకా పోకముందే తేలిపోయే సందర్భాలు చాలా ఉన్నవి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసిన వెంటనే సాధారణంగా రేడియో మూసి ఉంటుంది. వైఫైని మనమే తెరవవలె. ఫోనులో పేరు కనబడక పెట్టె చచ్చిందని వాపోయేవారిలో చాలామంది సంగతి ఇంతే. తీగతో కంప్యూటరును కలిపి 192.168.1.1 అనే చిరునామా తెరిస్తే పుట వస్తుంది. రేడియో తెరిచేటప్పుడు దేశం భారతదేశమని ఎన్నుకోవడం మరచిపోరాదు. ఏ దేశంలో ఏ తరంగాలు వాడవచ్చునో, ఎంత శక్తితో వాడవచ్చునో ఆ ఎంపికను బట్టి నిర్ణయమవుతుంది.

రెండవ సందర్భం, ఫర్మ్‌వేర్ బాగున్నా మనం పెట్టిన అమరికలు తప్పి లోపలికి పోలేకపోవడం. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో అసలు ప్రతి మార్చరానిది. మన మార్పులు వేరే పొరలో ఉంటవి. అచ్చు పుస్తకం మీద పలుచని కాగితం పరచి పెన్సిలుతో రాసుకున్నట్లన్నమాట. పెట్టె మేలుకొనే సమయంలో దీపం వేగంగా మినుకుతున్నప్పుడు మీట నొక్కితే, అది కాగితాన్ని పక్కన పెట్టి పుస్తకం మాత్రమే చదువుతుంది. దీన్ని ఫెయిల్‌సేఫ్ స్థితి అంటారు. అప్పుడు తప్పు దిద్దవచ్చు, లేదా ‘ఫస్ట్‌బూట్’ అనే ఆజ్ఞతో కాగితాన్ని తీసి పారవేయవచ్చు.

ఇక మన ఉపాధ్యాయుని సందర్భం. ఇక్కడే గోటితో గీచే పరీక్ష అవసరం. కంప్యూటరుకు 192.168.1.2 వంటి స్థిరమైన చిరునామా ఇచ్చి, తీగ తగిలించి, రౌటరుకు పింగ్ అనే పలకరింపును వరుసగా పంపుతూ కరెంటు ఇవ్వవలె. వచ్చే జవాబులో టి.టి.ఎల్. అనే అంకె ఉంటుంది. జవాబు ఒక్కొక్క రౌటరును దాటినప్పుడల్లా ఆ అంకె ఒకటి తగ్గుతుంది. నేరుగా తీగతో కలిపినప్పుడు మధ్య ఎవరూ లేరు కనుక తగ్గదు. లినక్స్ ఫర్మ్‌వేర్ ఈ అంకెను 64తో మొదలుపెడుతుంది. డబ్ల్యూఆర్‌టీ54జి వంటి బ్రాడ్‌కామ్ పెట్టెలలోని సి.ఎఫ్.ఇ. అనే బూట్‌లోడరు 100తో మొదలుపెడుతుంది. జవాబులో 100 కనబడితే పలికినది బూట్‌లోడరన్నమాట. వేరు పచ్చగా ఉన్నది! యూ-బూట్ అనే మరొక రకం చాలా పెట్టెలలో పలకరింపుకు బదులివ్వదు. కాబట్టి మౌనం చావుకు గుర్తు కాదు. వాటిలో కొన్ని, రీసెట్ మీట నొక్కిపట్టి కరెంటు ఇస్తే, నిర్ణీతమైన పేరుగల ఫైలు కొరకు తామే కంప్యూటరును అడుగుతవి. ఏ చిరునామా, ఏ పేరు అన్నది ఆ నమూనాకు సంబంధించిన పుటలో చూసుకోవలె.

ఫైలును పంపడానికి టి.ఎఫ్.టి.పి. అనే పాత పద్ధతి వాడతారు. 512 బైట్ల ముక్క ఒకటి పంపడం, ‘అందింది’ అని జవాబు రాగానే తరువాతి ముక్క పంపడం, అంతే దీని సంగతి. 4 మెగాబైట్ల ఫైలుకు 8192 ముక్కలు. ఇంత సులువైన పద్ధతి కాబట్టే అంత చిన్న బూట్‌లోడరులో ఇమిడింది. ఫైలు అందిన తరువాత కూడ కొన్ని నిమిషాలు ఆగవలె. తొందరపడి తీగ పీకితే కథ మొదటికి వస్తుంది.

ఈ తిప్పలన్నీ తప్పాలంటే ముందు పెట్టె వెనుక చీటీ చదవవలె. నమూనా పేరు ఒక్కటి చాలదు, ‘వి’ అక్షరం పక్కనున్న అంకె ముఖ్యం. డబ్ల్యూఆర్‌టీ54జి అయిదవ రూపం 2005లో వచ్చినప్పుడు చూపులకు పాతదే. లోపల ఫ్లాష్ మాత్రం 4 మెగాబైట్లనుంచి 2కు తగ్గింది, లినక్స్ కూడ పోయింది. పాత రూపానికి రాసిన ఫైలు దీనిలో ఎట్లా పడుతుంది? తెచ్చుకున్న ఫైలు చెడలేదని తెలుసుకొనడానికి ఎస్.హెచ్.ఎ.256 అనే మొత్తాన్ని సరిచూడవలె. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ మొత్తం పూర్తిగా వేరుగా వస్తుంది. రాయడం తీగమీదుగానే జరగవలె, వైఫైమీదుగా కాదు. రౌటరును, కంప్యూటరును ఇన్వర్టరుకు తగిలించడం, గాలివాన సూచనలున్న సాయంత్రం ఈ పని పెట్టుకోకపోవడం నూజివీడువారికి వేరే చెప్పనక్కరలేదు. ఇంటర్నెట్టు సంస్థవారు అద్దెకిచ్చిన పెట్టె జోలికి మాత్రం పోరాదు, అది మనది కాదు.

బూట్‌లోడరే చెరిగిపోతే పని కష్టమే. అప్పుడు పెట్టె విప్పి, ఫ్లాష్ చిప్పు కాళ్ళకు ప్రోగ్రామరు అనే సాధనం తగిలించి తిరిగి రాయవలె. ఇక్కడొక చిక్కున్నది. ఆ చిప్పులోనే ఒక మూల, ఆ పెట్టె రేడియోను కర్మాగారంలో శ్రుతి చేసినప్పటి అంకెలు, దాని సొంత హార్డువేరు చిరునామా ఉంటవి. బూట్‌లోడరును అదే నమూనా పెట్టె మరొకదానినుంచి తెచ్చుకోవచ్చు. ఈ అంకెలు ఏ పెట్టెవి ఆ పెట్టెకే. అందుచేత కొత్త ఫర్మ్‌వేర్ వేసిన తొలిరోజునే, అన్నీ సవ్యంగా ఉన్నప్పుడే, ఫ్లాష్‌లోని ఆ భాగానికి నకలు తీసి కంప్యూటరులో భద్రపరచుకొనవలె.