బ్రేకు వేసినపుడు స్టీరింగు ఏల వణకును?

కోరాపుట్ నుండి సుంకి ఘాటీ మీదుగా సాలూరునకు కారులో దిగు తలిదండ్రులు కొందరు, బ్రేకు నొక్కినంతనే స్టీరింగు వణకుచున్నదని మాతో చెప్పుచుందురు. బిడ్డలను కూర్చుండబెట్టుకొని దిగు దారి గనుక దీని కారణము నెరుగుట అవసరము.

వణుకు ఎప్పుడు పుట్టునో మొదట గమనింపవలెను. బ్రేకు వేయకున్నను ఒకానొక వేగమున వణకినచో చక్రముల బ్యాలెన్సు తప్పినదని అనుమానింపవచ్చును. బ్రేకు వేసినపుడు మాత్రమే స్టీరింగు వణకినచో ముందు చక్రముల డిస్కులను, వణుకు సీటులో తెలిసినచో వెనుక బ్రేకులను మెకానిక్కునకు చూపవలెను.

డిస్కు వంగినదని జనులందురు. పెక్కుమారులు అది వంగుట కాదు. దాని మందము ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అగుటయే. మిల్లీమీటరులో నూరవ వంతులు కొన్ని భేదించినను చేతికి వణుకు తెలియును. కాగిన డిస్కుపై బ్రేకు నొక్కిపట్టి బండిని నిలుపుట, చక్రపు నట్లను సమముగా బిగింపకుండుట దీనికి హేతువులు. అరిగిన స్టీరింగు కీళ్లు వణుకును హెచ్చించును.

సాపు చేసిన పిదపను డిస్కుపై ముద్రించిన కనిష్ఠ మందము మిగులునెడల లేతుపై సాపు చేయింపవచ్చును. లేనిచో రెండు ప్రక్కల డిస్కులను మార్పింపవలెను. ఘాటీని తక్కువ గేరులోనే దిగవలెను. అది బ్రేకునకు విశ్రాంతి, బిడ్డలకు క్షేమము.