వేన్నీళ్ళకు కాలిన అడవి

నేపాల్ దేశంలో అన్నపూర్ణ అనే కొండ ఉంది. దాని ఎత్తు 8,091 మీటర్లు. శిఖరం మీద మంచు ఎప్పుడూ కరగదు. ఆ కొండను చూడటానికి ఎన్నో దేశాల నుంచి జనం వస్తారు. రోజుల తరబడి కాలినడకన తిరుగుతారు. రాత్రికి దారిలో ఉన్న ఊళ్ళలో ఆగుతారు.

వచ్చినవాళ్ళకు వండి పెట్టాలి. చలి కాచుకోవడానికి మంట వెయ్యాలి. స్నానానికి వేన్నీళ్ళు కాచాలి. అన్నిటికీ కట్టెలే! ఆ చలిలో చెట్టు పెరగాలంటే ఏళ్ళు పడుతుంది. కొట్టడానికి గంట చాలు. ఊరి పక్కనున్న అడవి తరిగిపోయింది. కట్టెల మోపు కోసం ఇంకా పైకి ఎక్కాల్సి వచ్చింది.

మరి అడవిని కాపాడటం ఎలా? అప్పట్లో ప్రభుత్వానికి తెలిసిన దారి ఒకటే. జాతీయ పార్కు అని పేరు పెట్టడం, సైన్యాన్ని కాపలా ఉంచడం. రారా సరస్సు దగ్గర 1976లో పెట్టిన పార్కు కోసం ఊళ్ళనే ఖాళీ చేయించారు. ఇక్కడా పార్కు పెడితే తమ గతి ఏమిటని అన్నపూర్ణ జనం భయపడ్డారు.

1985లో ముగ్గురు పరిశోధకులు ఆ కొండల్లోకి వెళ్ళారు. మింగ్మా నోర్బు షెర్పా, చంద్ర గురుంగ్, అమెరికా నుంచి వచ్చిన బ్రౌటన్ కోబర్న్. చంద్ర గురుంగ్ ఆ కొండల్లోని సిక్లేస్ ఊరివాడే. ముగ్గురూ నెలల తరబడి ఊరూరా నడిచారు. రైతులతో, లాడ్జీల వాళ్ళతో కూర్చుని మాట్లాడారు. జనం పార్కు వద్దన్నారు. అడవి మాత్రం వాళ్ళకూ కావాలి. అందుకని ముగ్గురూ వేరే దారి రాసిచ్చారు. ఊళ్ళు ఉన్నచోటే ఉండాలి, అడవిని ఊరి కమిటీలే చూసుకోవాలి, యాత్రికులు కట్టే రుసుము అక్కడే ఖర్చు పెట్టాలి అన్నారు.

ప్రభుత్వం ఆ మాట విన్నది. 1986లో ఘాంద్రుక్ ఊరిలో పని మొదలైంది. 1992లో 7,629 చదరపు కిలోమీటర్ల ప్రాంతానికి ఈ పద్ధతి చట్టమైంది. సైన్యం రాలేదు, ఎవరినీ లేపలేదు.

పైనున్న దారుల్లో కట్టెలు కాల్చకూడదని, కిరసనాయిలు వాడాలని కట్టుబాటు పెట్టారు. లాడ్జీల పొయ్యిల్లో గొట్టాలు అమర్చారు. గొట్టంలో నీళ్ళు పారతాయి. అన్నం ఉడికే మంటకే స్నానం నీళ్ళూ కాగుతాయి! ఆడవాళ్ళు సంఘాలు పెట్టుకుని దారులు బాగుచేశారు, యాత్రికులు పారేసిన చెత్త ఎత్తించారు.

అంతా బాగుపడిందని కాదు. దారి పక్కనున్న లాడ్జీలకు డబ్బు బాగా వచ్చింది. దారికి దూరంగా ఉన్న ఊళ్ళకు అంతగా అందలేదు. ఆ సంగతిని బయటపెట్టిందీ తర్వాత ఆ ఊళ్ళు తిరిగిన పరిశోధకులే.