పేరు లేని జేబు రివాల్వర్: సికింద్రాబాద్ నేపథ్యంలో గుర్తింపు పద్ధతి

పందొమ్మిదో శతాబ్దపు ఉత్తరార్ధంలో యూరప్, అమెరికా కార్ఖానాలు లక్షల సంఖ్యలో తయారు చేసిన జేబు రివాల్వర్లలో చాలా వాటిపై తయారీదారు పేరు కనిపించదు. రెండు మూడు అంగుళాల గొట్టం, ఐదారు తూటాలు పట్టే సిలిండర్ అనే తిరుగుడు చక్రం కలిగి, కోటు జేబులో ఇమిడిపోయే చిన్న పిస్తోలును జేబు రివాల్వర్ అంటారు. చిన్న కార్ఖానాలు వీటిని టోకు వర్తకులకు అమ్ముతూ, అంగడిదారు కావాలంటే తన పేరు చెక్కించుకునేందుకు వీలుగా లోహాన్ని ఖాళీగా వదిలేవి; చవక సరుకుపై ఆ ఖర్చు పెట్టేవారు తక్కువ కాబట్టి ఆ ఖాళీ చాలాసార్లు అలాగే మిగిలిపోయింది. అందువల్ల పేరు లేకపోవడాన్ని అరుదైనతనానికి గుర్తుగా భావించకూడదు. పరిశీలకులు చేయగలిగింది, ఆ వస్తువు ఏ దేశంలో, ఏ ఏళ్ల మధ్య, ఏ తరగతి సరుకుగా పుట్టిందో సాక్ష్యం ఉన్న మేరకు నిర్ణయించడం; తయారీదారు పేరు కూడా తేలితే అది అదనపు లాభం.

ఇలాంటి ఆయుధం సికింద్రాబాద్‌లోని పాత ఇంట్లో బయటపడితే ఆశ్చర్యపడనక్కరలేదు. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో కుదుర్చుకున్న సైన్య సహకార ఒప్పందం ఫలితంగా హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన వెలసిన సైనిక శిబిరం, 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అయి, క్రమంగా దక్షిణ భారతంలోని పెద్ద కంటోన్మెంట్లలో ఒకటిగా ఎదిగింది. బ్రిటిష్ సైన్యంలో అధికారులు తమ పిస్తోలును సొంత డబ్బుతో కొనుక్కోవడం ఆనవాయితీ కనుక, ప్రభుత్వ ముద్ర లేని రివాల్వర్లు కూడా కంటోన్మెంట్ బంగళాల్లోకి చేరాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు మార్గం రావడంతో బొంబాయి రేవులో దిగిన సరుకు నేరుగా ఇక్కడికి చేరే వీలు కలిగింది. కలకత్తాలోని మాంటన్, రోడ్డా వంటి తుపాకుల వర్తకులు దేశమంతటా సరుకు అమ్మేవారు. అప్పటికి చాలా ముందే, 1795 ప్రాంతంలో, ఫ్రెంచి సేనాని రేమండ్ హైదరాబాద్‌లో నెలకొల్పిన తోప్ కా సాంచా, అంటే నేటి గన్‌ఫౌండ్రీ, ఫిరంగులు పోతపోసిన కార్ఖానా కాబట్టి, జేబు రివాల్వర్ పుట్టుకను అక్కడ వెదకడం వృథా.

పరీక్షకు ముందు పాటించవలసిన నియమం ఒక్కటే: ఆయుధంలో తూటాలున్నాయనే భావించాలి, ట్రిగ్గర్ నొక్కి చూడకూడదు, లైసెన్సు ఉన్న తుపాకుల డీలరు గానీ పోలీసు ఆయుధ నిపుణుడు గానీ దానిని ఖాళీ చేసిన తరువాతే పరిశీలన మొదలుపెట్టాలి.

మొదట చూడవలసింది తూటాను పేల్చే విధానం. సిలిండర్ వెనుక భాగంలో రాగి టోపీలు తొడిగే చిన్న చనుమొనలు ఉంటే, అది మందును, గుండును విడివిడిగా దట్టించే పాత పద్ధతికి చెందినది. సిలిండర్ అంచున ప్రతి గదికీ ఒక చిన్న గాడి ఉంటే అది పిన్‌ఫైర్, అంటే తూటా పక్కనుంచి పొడుచుకు వచ్చిన సూదిని హామర్ అనే చిన్న సుత్తి పైనుంచి కొట్టే పద్ధతి; ఫ్రాన్సులో లెఫోషో కుటుంబం ప్రచారంలోకి తెచ్చిన ఈ రకం రివాల్వర్లు 1854 తరువాతివి. హామర్ మొన తూటా అడుగు అంచును కొట్టేలా ఉంటే రిమ్‌ఫైర్, నడిమధ్యను కొట్టేలా ఉంటే సెంటర్‌ఫైర్. స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ 1857లో రిమ్‌ఫైర్ రివాల్వర్‌ను విడుదల చేసినప్పుడు, సిలిండర్‌కు ఆరపార రంధ్రం వేసే పద్ధతిపై రాలిన్ వైట్ పేటెంటు హక్కు దాని చేతిలో ఉంది. 1869లో ఆ పేటెంటు గడువు తీరగానే అమెరికాలో పదుల కొద్దీ చిన్న సంస్థలు చవక రివాల్వర్లతో సంతను ముంచెత్తాయి. పేరు లేని అమెరికన్ సరుకులో అధిక భాగం ఈ వెల్లువకు చెందినదే.

ఆకారం రెండో సాక్ష్యం. ట్రిగ్గర్ చుట్టూ రక్షణ వలయం లేకుండా, ఫ్రేము కింద చిన్న తొడుగులో నుంచి మొన మాత్రమే కనిపిస్తే అది 1870లు, 1880ల నాటి అమెరికన్ చవక రకాన్ని సూచిస్తుంది. పొట్టి గొట్టం, గుండ్రని పిడి, పెద్ద తూటాలు పట్టే ఐదు గదులు ఉంటే 1872లో బర్మింగ్‌హామ్‌కు చెందిన వెబ్లీ సంస్థ విడుదల చేసిన బుల్‌డాగ్ గానీ, బెల్జియంలో దానికి పుట్టిన లెక్కలేనన్ని నకళ్లలో ఒకటి గానీ అయి ఉంటుంది. ట్రిగ్గర్ ముందుకు మడిచేలా ఉండి, సన్నని పొడవాటి తూటాలు పట్టేలా ఉంటే, సైకిళ్లపై తిరిగేవారు వెంటబడే కుక్కలను అదిలించడానికంటూ 1890లలో తుపాకుల తయారీదారు గాలాన్ ప్రచారంలోకి తెచ్చిన వెలోడాగ్ రకం కావచ్చు. అయితే ఇవన్నీ ఎప్పటి తరువాత తయారైందో చెప్పగలవే గాని ఎప్పటి లోపు తయారైందో చెప్పలేవు. ఒకసారి అమ్ముడుపోయిన నమూనాను చిన్న కార్ఖానాలు ముప్పై నలభై ఏళ్లపాటు అలాగే తయారు చేస్తూ పోయాయి.

అన్నిటికన్నా బలమైన సాక్ష్యం పరీక్షా ముద్ర. తుపాకిని మామూలు కన్నా ఎక్కువ మందుతో పేల్చి, గొట్టం పగలలేదని తేలాక అధికారిక పరీక్షాలయం కొట్టే గుర్తును ప్రూఫ్ మార్కు అంటారు. బెల్జియంలోని లియేజ్ నగరంలో పరీక్షించిన సిలిండర్లపై అండాకారపు గీతలో ఇ, ఎల్, జి అక్షరాలు, వాటి కింద నక్షత్రం ఉంటాయి. 1893 నుంచి ఆ అండాకారం మీద కిరీటం చేరింది కాబట్టి, కిరీటం ఉందా లేదా అన్న ఒక్క విషయమే కాలాన్ని రెండుగా విడదీస్తుంది. బర్మింగ్‌హామ్‌లో 1904 నుంచి కిరీటం కింద బి.పి. వంటి అక్షరాలు కొట్టగా, అంతకు ముందు కిరీటంతో కూడిన జోడు రాజదండాల గుర్తు వాడారు. అయితే ఈ ముద్ర పరీక్ష జరిగిన చోటును మాత్రమే చెబుతుంది. బెల్జియంలో తయారై ఇంగ్లండులో అమ్ముడైన ఆయుధంపై ఇంగ్లీషు ముద్ర ఉండవచ్చు. ముద్ర అసలే లేకపోవడమూ ఒక సాక్ష్యమే. అమెరికాలో ప్రభుత్వ పరీక్షను విధించే చట్టం లేదు, స్పెయిన్‌లోని ఐబార్ కార్ఖానాలకు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలు గడిచేదాకా అది తప్పనిసరి కాలేదు. కనుక ఏ ముద్రా లేని రివాల్వర్‌ను ఆ రెండు దేశాల సరుకుతోను, స్థానికంగా చేతితో చేసిన నకళ్లతోను పోల్చి చూడాలి. నకళ్లలో వంకర అక్షరాలు, అర్థం లేని గుర్తులు, ఒకదానికొకటి సరిపడని మరలు కనిపిస్తాయి.

ముద్రలు చాలాసార్లు కంటికి ఎదురుగా ఉండవు. పిడి పలకల లోపలి వైపున, సిలిండర్ ముందు ముఖంపై, గొట్టం అడుగున, ఫ్రేము లోపల చిన్న అంకెలు, అక్షరాలు దాగి ఉంటాయి. విడి భాగాలన్నిటిపై ఒకే అంకె ఉంటే అవి మొదటినుంచి ఒకే ఆయుధానివని అర్థం. వీటికి తోడు సిలిండర్ పొడవు, గది వ్యాసం, గొట్టంలోని గాడుల సంఖ్య, అవి కుడికి తిరిగాయా ఎడమకు తిరిగాయా అన్నది వెర్నియర్ కాలిపర్స్ సాయంతో, పక్కవెలుతురులో నమోదు చేయాలి. తూటా కొలత పేరును నమ్మి లెక్కవేయకూడదు; .38 స్మిత్ అండ్ వెస్సన్ తూటా అసలు వ్యాసం సుమారు .36 అంగుళమే. తెలుగు ఇళ్లలో దసరా ఆయుధపూజకు ముందు ఇనుప వస్తువులను చింతపండుతోనో పాలిష్‌తోనో తళతళలాడేలా తోమే అలవాటు ఇలాంటి వస్తువులకు శత్రువు, ఎందుకంటే లోతు తక్కువైన ముద్ర నాలుగైదు తోముళ్లకే అరిగిపోతుంది. మెత్తని గుడ్డ, కొద్దిపాటి నూనె చాలు.

లోహం తయారీ గురించి చెబుతుంది, యాజమాన్యం గురించి కాగితాలే చెప్పాలి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని జహంగీర్ బాకు, నూర్జహాన్ పండ్ల కత్తి వాటిని వాడినవారి పేర్లతోనే ప్రసిద్ధమైనందువల్ల, ఇంట్లోని రివాల్వర్‌కు కూడా నవాబునో తెల్లదొరనో జత చేయాలనే కోరిక సహజం. కానీ వేల సంఖ్యలో అమ్ముడైన చవక సరుకు విషయంలో ఆ మాటకు పాత లైసెన్సు, కొనుగోలు రశీదు, వీలునామా, ఉత్తరం వంటి ఆధారం ఉండాలి. తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర పురాభిలేఖాగారం, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఇండియా ఆఫీస్ రికార్డులు ఇలాంటి అన్వేషణకు తగిన చోట్లు.

ప్రవాస కుటుంబాలు చట్టాల తేడాను ప్రత్యేకంగా గమనించాలి. అమెరికా సమాఖ్య చట్టం 1898 వరకు తయారైన తుపాకులను పురాతన వస్తువులుగా విడదీస్తుంది; భారతదేశపు 1959 ఆయుధాల చట్టంలో అలాంటి ఏడాది గీత లేదు. పాతకాలపు నమూనాదైనా, పురావస్తు విలువ కలదైనా, మరమ్మతు చేసినా చేయకపోయినా పేలే అవకాశం లేని ఆయుధాన్నే ఆ చట్టంలోని 45వ సెక్షన్ మినహాయిస్తుంది. మరణించినవారి ఇంట్లో లైసెన్సు లేని ఆయుధం దొరికితే 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషనులో గానీ లైసెన్సు ఉన్న డీలరు వద్ద గానీ అప్పగించాలి. వందేళ్లు దాటిన వస్తువైతే 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం కింద దానిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నిషిద్ధం కావచ్చు. కాబట్టి విదేశంలో ఉన్న వారసులు తమతో తీసుకెళ్లగలిగేది, దాని కొలతలు, ముద్రల ఫోటోలు, కుటుంబ కాగితాల నకళ్లు ఉన్న ఒక వివరపత్రం. అందులో “లియేజ్‌లో పరీక్షించినది, 1893 తరువాతిది, బుల్‌డాగ్ తరహా, తయారీదారు తేలలేదు” అన్న ఒక్క వాక్యం ఉన్నా, ఆధారం లేని రాచరికపు కథ కన్నా తరువాతి తరానికి అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.