రికార్డు అరగరాదు, ధర పెరగరాదు

గ్రామఫోన్ రికార్డులకు మళ్లీ గిరాకీ ఏర్పడడంతో, సామాన్యునికి అందుబాటు ధరలో నాణ్యమైన టర్న్‌టేబుల్‌ను రూపొందించడం ఎలాగన్న పాత ప్రశ్న తిరిగి ముందుకు వచ్చింది. అమెరికాలో 2022లో సుమారు 4.1 కోట్ల వినైల్ రికార్డులు అమ్ముడుపోగా, సి.డి.ల అమ్మకం 3.3 కోట్లకు పరిమితమైంది. సంఖ్యలో రికార్డులు సి.డి.లను మించడం 1987 తర్వాత అదే ప్రథమం.

చౌకగా లభించే పెట్టె ప్లేయర్లలో పలు రకాలకు సిరామిక్ కార్ట్రిడ్జిని అమర్చుతారు. దాని ముల్లు గాడిపై 5, 6 గ్రాముల భారం మోపుతుంది. మంచి మాగ్నెటిక్ కార్ట్రిడ్జికి సుమారు 2 గ్రాములు చాలు. భారం పెరిగిన కొద్దీ గాడి అరుగుదల కూడా పెరుగుతుంది. అరిగిన గాడిని బాగుచేయడం సాధ్యం కాదు. తిరిగి ముద్రణకు నోచుకోని పాత తెలుగు రికార్డుల విషయంలో ఈ నష్టం పూడ్చలేనిది.

మంచి టర్న్‌టేబుల్‌కు ప్రధానంగా మూడు లక్షణాలు అవసరం. ఎల్‌.పి. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు, అంటే 1.8 సెకన్లకు ఒక చుట్టు చొప్పున, నిలకడగా తిరగాలి. లేనిపక్షంలో స్వరం ఊగిసలాడుతుంది. మోటారు కంపనం ముల్లును చేరరాదు. ముల్లును మోసే చేయి ఘర్షణ లేకుండా కదలాలి.

ఈ మూడింటినీ తక్కువ ఖర్చుతో సాధించవచ్చునని అమెరికాకు చెందిన ఎడ్గార్ విల్చర్ 1961లోనే నిరూపించారు. అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ తరఫున ఆయన రూపొందించిన యంత్రంలో చిన్న మోటారు బెల్టు ద్వారా పళ్లేన్ని తిప్పుతుంది. పళ్లేన్ని, చేతిని ఒకే చట్రానికి బిగించి స్ప్రింగులపై నిలిపారు. పెట్టెను గట్టిగా తట్టినా ముల్లు గాడి తప్పదు. రికార్డులను తనంతట తానే మార్చే ఏర్పాటు వంటి హంగులను వదలివేయడంతో దాని ధర వంద డాలర్లకు లోపే ఉండేది.

బ్రిటన్‌కు చెందిన రేగా సంస్థ 1983లో మరో మార్గం చూపింది. చేతిని విడిభాగాలుగా అతకకుండా అల్యూమినియంతో ఒకే పోతగా తయారు చేసింది. అచ్చుకు ఆరంభంలో భారీ వ్యయమైనా, ఉత్పత్తి పెరిగిన కొద్దీ ఒక్కొక్క చేతిపై పడే ఖర్చు తగ్గుతుంది. ఆస్ట్రియాకు చెందిన హైంజ్ లిక్టెనెగర్ 1991లో కొత్త కర్మాగారం నిర్మించే బదులు, చెక్ పట్టణమైన లిటొవెల్‌లో టెస్లా అనే ప్రభుత్వ సంస్థ నడిపిన కర్మాగారంలో ఉన్న నైపుణ్యాన్ని ఆసరా చేసుకుని ప్రో-జెక్ట్ టర్న్‌టేబుళ్ల తయారీ ప్రారంభించారు.

ప్రభుత్వ రంగం నేర్పిన పనితనం మన దేశంలోనూ ఉంది. సోవియట్ సహకారంతో 1955 నాటి ఒప్పందం మేరకు వెలసిన భిలాయ్ ఉక్కు పట్టణం ఇందుకు నిదర్శనం. పలు తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఈ చత్తీస్‌గఢ్ పట్టణంలో లేత్, పోత పనులు కొత్త కాదు. అయితే ఉక్కు పళ్లెం ఇందుకు తగదన్నది గమనార్హం. కార్ట్రిడ్జిలోని అయస్కాంతాన్ని ఉక్కు ఆకర్షించి ముల్లుపై భారం పెంచుతుంది. ఉక్కు బేరింగు ఇరుసుకే అనువైనది. పళ్లేనికి కావలసిన అల్యూమినియం అదే రాష్ట్రంలోని కోర్బాలో తయారవుతోంది.

కార్ట్రిడ్జిని మాత్రం జపాన్, డెన్మార్క్ వంటి దేశాల నుంచి తెప్పించుకోవచ్చు. అసలు అవరోధం అమ్మకాల సంఖ్యే. అచ్చు వ్యయం వంద యంత్రాలపై పడితే మోయరాని భారం. వేల యంత్రాలపై పడితే నామమాత్రం. అంతవరకు హంగులు తగ్గించి బేరింగు, చేతిపై ఖర్చు చేయడమే తయారీదారుకు, రికార్డుకు కూడా క్షేమకరం.