ఆటలో అరటిపండు

మా నందిగామ, జగ్గయ్యపేట మెట్ట పల్లెల్లో పెరిగినవారికి "ఆటలో అరటిపండు" అనే మాట విడమరచి చెప్పనక్కరలేదు. తెలియని మిత్రుల కోసం రెండు ముక్కలు చెబుతాను. పెద్దపిల్లలు కబడ్డీ ఆడుకుంటూంటారు. ఇంట్లోవాళ్ళు వెంట పంపిన చిన్న తమ్ముడొకడు "నేనూ ఆడతా" అని పేచీ పెడతాడు. కాదంటే అమ్మతో చెబుతాడు, చేర్చుకుంటే ఆట చెడుతుంది. అందుకని వాణ్ణి అరటిపండుగా చేర్చుకుంటారు. వాడు పరుగెత్తవచ్చు, అరవవచ్చు, పట్టుకోవచ్చు. కానీ వాడు అవుటయినా అవుటు కాదు, వాడు పట్టుకున్నా లెక్క లేదు.

సాహస కథల్లో నాయకుడి పక్కన నిలిచే చిన్నవాడి స్థానం కూడా ఇదేనా? వాడికి లెక్క ఉందా, లేదా? ఈ ప్రశ్నను పరిశీలించటమే నా ఉద్దేశం. ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. మన హైదరాబాదులో పుట్టి దేశమంతా తిరిగిన చోటా భీమ్ కథల్లోని రాజు ఉన్నాడు. "బొమ్మల సీరియలు మీద సంచికలో వ్యాసమా?" అని మాస్టార్లు నవ్వవచ్చు. కానీ ఇప్పుడు కాలేజీలో చేరుతున్నవాళ్ళలో చాలామంది ఈ బొమ్మలు చూస్తూ అన్నం తిన్న తరంవారేనని మరువరాదు.

శ్రీ రాజీవ్ చిలకా హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థను స్థాపించారు. 2008 ఏప్రిల్‌లో పోగో చానెల్లో చోటా భీమ్ మొదలయింది. కథంతా ఢోలక్‌పూర్ అనే కల్పిత రాజ్యంలో జరుగుతుంది. లడ్డు తింటే బలం పెరిగే భీమ్, తెలివైన చుట్కీ, మాట్లాడే కోతి జగ్గు, ఎప్పుడూ గొప్పలు పోయే కాళియా, వాడి వెంట కవలలు ఢోలూ భోలూ. వీరందరిలోకీ చిన్నవాడు రాజు. వాడి వయస్సు నాలుగేళ్ళు. 2012లో ఈ బొమ్మలు వెండితెరకెక్కాయి. అదే కథను 2024లో నటీనటులతో మళ్ళీ తీశారు. ఇన్నేళ్ళు గడిచినా రాజు మాత్రం పెరగలేదు!

ఇటువంటి చిన్నవాడి వల్ల కథకు ఒనగూడే ప్రయోజనాలేమిటి? నాకు తోచినంతలో మూడు. మొదటిది, వాడు కొలబద్ద. పక్కన చిన్నవాడు నిలబడితేగాని నాయకుడి పొడవు తెలియదు. రెండవది, వాడు ప్రశ్న. చూసే పిల్లవాడికి వచ్చే సందేహాన్ని వాడే అడుగుతాడు, జవాబు అందరికీ అందుతుంది. మూడవది, వాడు వాకిలి. టీవీ ముందు కూచున్న నాలుగేళ్ళ పిల్లవాడు భీమ్‌ను చూసి మెచ్చుకుంటాడు గాని, కథలోకి వెళ్ళేది రాజు వెంటనే.

ఇది మనవాళ్ళకు కొత్తా? కానే కాదు. బుర్రకథలో కథకుడొక్కడే చెప్పుకుపోతే వినేదెవరు? అటు ఇటు ఇద్దరు వంతలు కావాలి. "ఆహా, తర్వాతేమయింది?" అని అడగటానికి ఒకరు, నవ్వించటానికి మరొకరు. తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ ఎంత గంభీరంగా యుద్ధం చేసినా, మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దూకకపోతే జనం తెల్లవార్లూ కూచుంటారా? పక్కపాత్రే ఆటను నిలబెడుతుంది.

తోలుబొమ్మకూ టీవీ బొమ్మకూ పోలిక అక్కడితో ఆగదు. అరగంట కార్యక్రమంలో ప్రకటనలు పోగా 22 నిమిషాలు మిగులుతాయనుకుందాం. సెకనుకు 25 చిత్రాల చొప్పున లెక్కవేస్తే 33,000 చిత్రాలు కావాలి. ఇన్నిటినీ మొదటి నుంచి గీయటం మాటలా? అందుకని టీవీ బొమ్మల్లో తరచు ఒక ఉపాయం వాడతారు. తల, మొండెం, చేతులు, కాళ్ళు, కళ్ళు, నోరు విడివిడిగా గీసి కంప్యూటరులో అతుకుతారు. భుజం దగ్గర తిప్పితే చేయి లేస్తుంది. మన బొమ్మలాటవాళ్ళు తోలు ముక్కలను దారంతో కుట్టి, తెర వెనుక దీపం పెట్టి చేసిందీ ఇదే గదా! దారం పోయి మౌస్ వచ్చింది, అంతే.

ఇక అసలు విషయానికి వస్తాను. 2011లో రాజుకు సొంత సీరియలు వచ్చింది. దాని పేరు మైటీ రాజు. అందులో వాడు ఆర్యానగర్ అనే నగరంలో ఉంటాడు. తండ్రి శాస్త్రవేత్త. ఆయన తయారుచేసిన ద్రవాన్ని తల్లి గర్భవతిగా ఉండగా పొరపాటున తాగటం వల్ల వాడికి పుట్టుకతోనే అద్భుత శక్తులు వస్తాయి. అరటిపండు నాయకుడయ్యాడన్న మాట. సంతోషించవలసిందే. కానీ నా మట్టుకు ఢోలక్‌పూర్ రాజే గొప్పవాడు. ఆర్యానగర్ రాజుకు బలముంది గనుక ధైర్యముంది. ఢోలక్‌పూర్ రాజుకు బలం లేదు, లడ్డు తిన్నా భీమ్ కాలేడు. అయినా పెద్దవాళ్ళ ముందు గుండె విరుచుకు నిలబడతాడు. మన బాలనాగమ్మ కథలో తల్లిని విడిపించటానికి మాయల ఫకీరు మీదికి బయలుదేరిన బాలవర్థిరాజుది కూడా ఈ తోవే. పసివాడని కథ వాణ్ణి ఇంట్లో కూచోబెట్టలేదు.

ఢోలక్‌పూర్‌లో నాకు నచ్చిన గుణం ఒకటుంది. అక్కడ రాజు అరటిపండు కాదు. భీమ్ వాణ్ణి జట్టులో లెక్కవేస్తాడు.

ఇది టీవీకే పరిమితమయిన మాటా? మన తరగతుల వంక ఒకసారి చూడండి. పాలేరు, మునేరు ఒడ్డు పల్లెల నుంచి, మిరప కోతలకు వెళ్ళే ఇళ్ళ నుంచి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కిన పిల్లలు వస్తున్నారు. వారి పేర్లు హాజరు పట్టీలో ఉంటాయి. వెనుక బెంచీలో కూచుంటారు. ఇంగ్లీషు రాదన్న బెరుకుతో నోరు మెదపరు. మనమూ "పాపం, వాణ్ణి అడగొద్దులే" అని జాలిపడి దాటేస్తాం. ఆ జాలే వారిని అరటిపండ్లను చేస్తోంది! సెమినారులో అవకాశమివ్వం, తప్పు చెబితే తప్పని కూడా చెప్పం.

అవుటయినవాణ్ణి అవుటన్నప్పుడే వాడు నిజంగా ఆటలో ఉన్నట్టు. సీనియర్ సోదరీ సోదరులారా! ఈ ఏడు చేరిన చిన్నవారికి చర్చలో వంతు ఇవ్వండి, నాటకంలో వేషం ఇవ్వండి, తడబడితే తెలుగులోనే సరిదిద్దండి. వారు ప్రశ్న అడిగితేగాని మనం చదివింది మనకు అర్థమయిందో లేదో తేలదు. వంత లేని కథకుడు ఎంతసేపని ఒంటరిగా చెప్పుకుపోతాడు?