సర్వరు ఇమేజి: అచ్చును ఎంచుకొనుట ఎట్లు?

ఒక ఉన్నత పాఠశాలకు 30 కంప్యూటర్లు వచ్చినవనుకొందము. ఒక్కొక్కదానిలో ఆపరేటింగు సిస్టము ఎక్కించి, తెలుగు లిపి, లెక్కల ప్రోగ్రాములు మొదలగునవి అమర్చుటకు ఒక పూట పట్టును. తెలివిగల ఉపాధ్యాయుడు ఈ పనిని 30 మార్లు చేయడు. ఒక కంప్యూటరును చక్కగా సిద్ధపరచి, దాని డిస్కుమీదనున్న సమస్తమును మొదటి బిట్టు మొదలు చివరి బిట్టు వరకు ఒక పెద్ద ఫైలుగా తీసి, తక్కిన 29 డిస్కులమీదికి దింపును. అవియును మొదటిదానివలెనే లేచి పనిచేయును. ఆ పెద్ద ఫైలునకే ఇమేజి అని పేరు. ఇంగ్లీషు మాటనుబట్టి దీనిని బొమ్మ యనుకొనరాదు. అచ్చు అని భావించినచో విషయము సులభముగా బోధపడును.

పాఠశాలలో ఈ అచ్చు ఒక సౌకర్యము మాత్రమే. క్లౌడు కంప్యూటింగులోనన్ననో, అది లేనిదే పని మొదలు కాదు. అమెజాన్ సంస్థ 2006 ఆగస్టులో ఈసీ2 అను పేర సర్వర్లను, అనగా ఇతర కంప్యూటర్లు అడిగిన సమాచారమును అందించు కంప్యూటర్లను, గంటల లెక్కన అద్దెకిచ్చుట ప్రారంభించినది. అద్దెకు వచ్చునది సాధారణముగా విడి యంత్రము కాదు. ఒక పెద్ద యంత్రమును హైపర్వైజరు అను ప్రోగ్రాము పలు భాగములుగా పంచి, ఒక్కొక్క భాగము తానే పూర్తి కంప్యూటరునని అనుకొనునట్లు చేయును. 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు వెల్లడించిన జెన్ ఇట్టి ప్రోగ్రామే. ఈసీ2 మొదట దానిమీదనే నడచినది. అద్దెకు తీసికొన్నవాడు ఆ యంత్రమును కంట చూడడు. సిస్టము ఎక్కించుటకు అతని చేయి అచటికి చేరదు. అందుచేత అద్దె కుదుర్చుకొనునప్పుడే ఏ ఇమేజిని దింపవలెనో అతడు చెప్పవలసియుండును.

ఇట్టి ఇమేజిలో ఏమేమి ఉండును? యంత్రమును నిద్రలేపు చిన్న ప్రోగ్రాము, ఆపరేటింగు సిస్టము, దానిని ఆశ్రయించి నడచు సేవాప్రోగ్రాములు, వాని అమరికలు ఉండును. అయితే ఇచట ఒక చిక్కు కలదు. ఒకే అచ్చునుండి వెయ్యి యంత్రములు పుట్టినప్పుడు వాని పేర్లు, రహస్య పదములు కూడ ఒక్కటే యగును గదా! ఒకరి గుట్టు తెలిసినచో అందరి గుట్టు తెలిసినట్లే. అందుచేత మంచి ఇమేజిలో రహస్య పదమే ఉండదు. యంత్రము మొదటిసారి లేచినప్పుడు, క్లౌడ్ ఇనిట్ వంటి ప్రోగ్రామొకటి "నా పేరేమి? నా యజమాని తాళమేది?" అని క్లౌడును అడిగి తెలిసికొనును. ఇచట తాళమనగా, అందరికిని చూపదగిన ఒక పెద్ద సంఖ్య. దానికి జంటయైన మరియొక సంఖ్య, తాళపుచెవివలె, యజమాని యొద్దనే ఉండును. తాళము యంత్రమునకు బిగింపబడిన పిమ్మట ఆ తాళపుచెవి గలవాడే లోనికి పోగలడు. ఈ పోలికను పాఠకులు గుర్తుంచుకొందురు గాక; ముందు దీనితో పని యున్నది.

ఎంపికలో కొన్ని విషయములు కేవలము యాంత్రికములు. ఇంటెల్ జాతి ప్రాసెసరునకు తయారైన ఇమేజి ఆర్మ్ జాతి ప్రాసెసరుపై నడువదు. అట్లే అమెజాన్ క్లౌడులో ప్రతి ఇమేజియు ఒక్కొక్క ప్రాంతమునకు చెందియుండును. ఆ సంస్థ ముంబాయిలో 2016లోను, హైదరాబాదులో 2022 నవంబరులోను తన కేంద్రములను తెరచినది. ముంబాయిలో తయారుచేసిన ఇమేజి హైదరాబాదులో దానంతటది కనబడదు. నకలు పంపవలెను, ఆ నకలునకు వేరొక గుర్తింపు సంఖ్య వచ్చును. ఇట్టివి పొరబడినను ప్రమాదము లేదు. యంత్రము లేవదు, అంతే. యంత్రము చక్కగా లేచి పనిచేయుచుండగా లోపల దాగియుండు దోషములే ప్రమాదకరములు. వానిని తప్పించుకొనుటకు రెండు ప్రశ్నలు వేయవలెను: ఈ ఇమేజి ఎవరిది? ఏనాటిది?

మొదటి ప్రశ్నను చూతము. క్లౌడు సంస్థయు, ఆపరేటింగు సిస్టము తయారీదారులును ప్రకటించిన ఇమేజీలేగాక, ఎవరైనను తాము చేసినదానిని అందరి వాడుకకు ఉంచవచ్చును. 2012లో ఫ్రాన్సులోని యూరేకామ్ సంస్థకు చెందిన పరిశోధకులు సహచరులతో కూడి అమెజాన్ క్లౌడులోని ఇట్టి బహిరంగ ఇమేజీలను 5,000కు పైగా పరీక్షించిన ఫలితములను ప్రకటించిరి. విండోస్ ఇమేజీలలో నూటికి 98, లినక్సు ఇమేజీలలో నూటికి 58 తీవ్రమైన లోపములుగల ప్రోగ్రాములను కలిగియున్నట్లు తేలినది. అంతకంటె వింతయైనది వేరొకటి యున్నది. కొన్ని ఇమేజీలలో తయారుచేసినవారి తాళములు అట్లే మిగిలిపోయినవి. అనగా ఆ ఇమేజినుండి పుట్టిన యంత్రమును మనము అద్దెకు తీసికొన్నను, అచ్చు పోసినవాడు తన తాళపుచెవితో లోనికి రావచ్చును!

మరికొందరు తమ గుట్టును తామే వదలిరి. తాళపుచెవి ఫైళ్లను చెరిపివేసితిమి గదా యని ధైర్యముగా నుండిరి. కాని డిస్కులో చెరిపివేత యనునది పుస్తకపు విషయసూచికలో అధ్యాయము పేరు కొట్టివేయుటవంటిది. పుటలు చినగవు. వానిమీద క్రొత్త వ్రాత పడువరకు పాత వ్రాత అచటనే యుండును. ఇమేజి తీయునప్పుడు డిస్కు తుంటలు ఉన్నవి ఉన్నట్లు నకలగును గనుక, చెరిపిన ఫైళ్లు కూడ అందులో చేరును. పరిశోధకులు వానిని తిరిగి చదువగలిగిరి.

పైవి అజాగ్రత్తలు. దురుద్దేశములును లేకపోలేదు. విండోస్ సర్వర్ 2008 పేరుతో నున్న ఒక బహిరంగ ఇమేజిలో, మొనెరో అను అంకెల నాణెములను రహస్యముగా గడించు ప్రోగ్రాము దాగియున్నదని 2020లో మిటిగా అను భద్రతాసంస్థ బయటపెట్టినది. విద్యుత్తును, యంత్రపు శక్తిని అద్దెదారు కొనును; నాణెములు మరియొకనికి పోవును. ఇక 2025 ఫిబ్రవరిలో డేటాడాగ్ సంస్థ పరిశోధకులు మరియొక ఉపాయమును వివరించిరి. పెక్కు సంస్థలలో ఇమేజిని మనుష్యుడు ఎంచుకొనడు. "ఈ పేరుగల వానిలో మిక్కిలి క్రొత్తది తెమ్ము" అని ప్రోగ్రాముచేత అడిగించును. యజమాని యెవరో చెప్పుట మరచినచో, అదే విధమైన పేరుతో నిన్న ప్రకటించిన దొంగ ఇమేజియే ఎంపికగును. పేరు ఎవరైనను పెట్టుకొనగలరు. యజమాని ఖాతా సంఖ్యను మాత్రము దొంగిలించి తగిలించుకొన వీలులేదు. కావున వెదకునప్పుడు ఆ సంఖ్యను తప్పక పేర్కొనవలెను.

ఇక రెండవ ప్రశ్న. ఇమేజి తయారైన దినముననే దానిలోని కాలము నిలిచిపోవును. ఆ తరువాత ప్రపంచమున కనుగొనిన లోపముల సంగతి దానికి తెలియదు. ఓపెన్ ఎస్ఎస్ఎల్ అను రక్షణ ప్రోగ్రాములో 2012లో చొరబడిన ఒక పొరపాటు 2014 ఏప్రిల్ 7న హార్ట్‌బ్లీడ్ అను పేర లోకమునకు వెల్లడియైనది. దానివలన పరాయివాడు సర్వరు జ్ఞాపకశక్తినుండి ఒక్కొక్క మారు 64 కిలోబైట్ల వరకు సమాచారమును లాగుకొనవచ్చును. దిద్దుబాటు ఆనాడే వచ్చినది. కాని మార్చిలో అచ్చు పోసిన ఇమేజిని జూన్‌లో దింపినచో పుట్టునది పాత లోపముగల క్రొత్త యంత్రమే. పులిసిన తోడు వేసిన పెరుగు కమ్మగా నుండునా? లేచిన వెంటనే దిద్దుబాట్లు ఎక్కించుకొనవచ్చు ననుట నిజమే. కాని అవి ఎక్కులోపలి నిమిషములలో కూడ ఆ యంత్రము బజారులోనే నిలిచియుండును. కనుక ఇటీవలి ఇమేజినే కోరుట యుక్తము.

దిద్దుబాట్లు ఎంతకాలము వచ్చునో కూడ ముందే విచారింపవలెను. సెంటాస్ లినక్సు చరిత్ర ఇందుకు నిదర్శనము. 2019లో వెలువడిన దాని 8వ కూర్పునకు 2029 వరకు దిద్దుబాట్లు లభించునని నమ్మి అనేకులు తమ సర్వర్లను దానిమీద నిలిపిరి. 2020 డిసెంబరులో, దానిని 2021 డిసెంబరు 31తో ముగింతుమను ప్రకటన వచ్చినది! అంతకు ముందరి 7వ కూర్పు మాత్రము తన గడువు ప్రకారము 2024 జూన్ 30 వరకు సాగినది. ఉబుంటు దీర్ఘకాలపు కూర్పులకు సాధారణముగా 5 సంవత్సరములు గడువు; 2024 ఏప్రిల్‌లో వచ్చిన కూర్పునకు 2029 వరకు కలదు. గడువు ముగిసిన ఇమేజి ఆనాటితో ఆగిపోదు. మునుపటివలెనే లేచును, పనిచేయును. అందులోని మోసమంతయు అదియే.

పెద్ద ఇమేజి మేలా, చిన్నది మేలా అని విద్యార్థులు అడుగవచ్చును. అన్ని ప్రోగ్రాములను ముందే కూర్చిన ఇమేజి ఆకర్షణీయముగా నుండును. కాని వాడని ప్రోగ్రామునకును దిద్దుబాటు కావలెను, దానికిని లోపములుండును. అవసరమైనంత మాత్రమే యున్న చిన్న ఇమేజిని తీసికొని, కావలసినవానిని పైన చేర్చుకొనుటయే నాకు మంచిదిగా తోచును. విండోస్ ఇమేజిలో అద్దెతోపాటు లైసెన్సు రుసుము కూడ సాధారణముగా కలియునని మరువరాదు.

సొంత ఇమేజి చేయదలచినవారు, చాలకాలము వాడిన యంత్రమును శుభ్రపరచి అచ్చు తీయుటకంటె, తయారీదారుని తాజా ఇమేజినుండి క్రొత్త యంత్రమును లేపి, చేయవలసిన అమరికలన్నిటిని ఒక కాగితముమీద కాక ప్రోగ్రాముగానే వ్రాసి, దానిచేత చేయించవలెను. చెరిపివేయుటకు అందులో రహస్యములే యుండవు. నెలకొకసారి ఆ ప్రోగ్రామును మరల నడిపినచో నాటి దిద్దుబాట్లతో క్రొత్త అచ్చు సిద్ధమగును. పాతదానిని ఎవరును పొరపాటున వాడకుండ జాబితానుండి తొలగింపవచ్చును.